నాలుగో ఆదివారం కిర్రు చెప్పులు

పెనుకొండ,
నవంబరు 4

చిరంజీవి సుకన్యకు,

యోహాను మామ రాసేది. నేను బాగున్నాను. ఆడ మీరంతా బాగుండాలి.

ఫోను చేయవచ్చు కదా అనుకుంటావు. పక్కింటి బుడన్‌బీ మనవరాలు నంబరు నొక్కి ఇస్తానని కూడా అనింది. చెవి దగ్గర పెట్టుకుంటే నాకు మాట రాదు. నీకు తెలిసిందే. రాస్తే నిదానంగా వస్తుంది.

విషయం ఇది. ఈ నెల ముప్ఫయ్యో తేదీన ఆగమన కాలం మొదలు. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు. ఆ నాలుగు వారాలూ మీ అత్త గుడి పక్క గదిలో చిన్నపిల్లలను కూర్చోబెట్టుకొని, వారానికి ఒక కొవ్వొత్తి వెలిగించి జపం చెప్పించేది. ముప్ఫై ఏండ్లు చేసింది. మా ఇంట్లో ఉండి చదువుకున్నన్నాళ్ళు నువ్వూ ఆ వరసలో కూర్చున్నదానివే. మార్చిలో ఆమె పోయింది.

మొన్న ఆదివారం పూజ అయినాక ఫాదర్ అందరినీ అడిగినారు. "మునియమ్మ లేదు కదా, ఈ ఏడాది పిల్లలకు ఎవరు చేస్తారు? ఎవరూ లేకపోతే వదిలేద్దాం" అన్నారు. అందరూ తలలు వంచుకున్నారు. నేను వెనక గంట తాడు దగ్గర నిలబడి ఉన్నాను. "నేను చేస్తాను సామీ" అని ఎవరో అన్నారు. చూస్తే నేనే.

ఒక ఏడాది ఆపితే మరుసటి ఏడాది పిల్లలకు అట్లాంటిది ఒకటి ఉందనే తెలియదు. ఆమెతోనే అయిపోతుంది. అందుకని నోరు జారింది.

నాకు తెలిసింది బయటి పని. కొవ్వొత్తులు నిలబెట్టేందుకు పట్టుపురుగుల తట్ట చట్రం తీసి గుండ్రంగా కట్టడం, దాని చుట్టూ కానుగ మండలు చుట్టడం, నాగన్న గడ్డివామి నుంచి గడ్డి తేవడం. లోపల ఆమె ఏం చెప్పేదో తెలియదు. నేను ఎన్నడూ లోపల కూర్చోలేదు. ట్రంకుపెట్టె అంతా వెదికినాను. ఆమె ఎక్కడా రాసిపెట్టలేదు.

నాలుగు కొవ్వొత్తులకు ఆమె ఏమేమి చెప్పేది? నీకు గుర్తున్నంత రాయి. గుర్తు లేకపోయినా రాయి.

మీ మామ,
యోహాను


హిందూపురం,
నవంబరు 9

మామగారికి,

నమస్కారం. ఉత్తరం అందింది. కవరు మీద మీ చేతిరాత చూసి, తెరిచే ముందు కాసేపు గల్లాపెట్టె మీద పెట్టుకుని కూర్చున్నాను. రోహిత్ వాళ్ళ నాన్న వెంకటేశ్వర్లు గారు, "ఎవరమ్మా, ఈ కాలంలో ఉత్తరం రాసే మనిషి?" అని అడిగారు. "పెనుకొండ నుంచి, మా అత్త భర్త" అని చెప్పాను.

మేమంతా బాగున్నాం. రోహిత్‌కు, నాకు అంగడితోనే సరిపోతోంది. స్నేహ ఒకటో తరగతి.

మీరు అడిగినవి చాలా వరకు మరిచిపోయాను. ఎన్నేళ్ళ సంగతి! మొదటి ఆదివారానిది మాత్రం గుర్తుంది. అత్త కిటికీలు మూయించేది. అందరినీ కళ్ళు మూసుకోమనేది. "ఏం కనపడతాంది?" అని అడిగేది. "ఏమీ లేదు" అనేవాళ్ళం. అప్పుడు ఒక్క ఊదారంగు కొవ్వొత్తి వెలిగించి, "ఇప్పుడు తెరవండి" అనేది. జపం ఇది:

"ప్రభువా, చీకటిగా ఉంది. మాకు ఒక్క దీపం చాలు. నువ్వు వచ్చే దారి చూస్తూ కూర్చుంటాం."

అంతే. మిగిలినవి ఫాదర్ దగ్గర పుస్తకంలో ఉంటాయి, అడగండి. మీరు ఎక్కువ శ్రమ పడవద్దు.

సుకన్య


పెనుకొండ,
నవంబరు 14

సుకన్యకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివినాను. అవే మాటలు. ఆమె గొంతు వినిపించింది.

ఫాదర్ పుస్తకం ఇచ్చినారు. మంచి పుస్తకమే. మాటలు పెద్దవి. నాకే నోరు తిరగలేదు, నాలుగేండ్ల పిల్లకు ఏం తిరుగుతుంది.

నువ్వు రాసిన జపం పొద్దున మేకకు చెప్పి చూసినాను. మేక విన్నది. గోడ అవతల నుంచి బుడన్‌బీ కూడా విన్నది.

"ఏమబ్బా యోహానూ! నువ్వు మాట్లాడేసరికి ఆ పిల్లోళ్ళకి మీసాలు మొలుస్తాయి" అనింది.

"నీ మనవరాలు ఆస్మాను కూడా పంపుతావు కదా" అన్నాను.

"పంపకుండా యాడికి పోతా? మా నజీర్‌ను పంపలేదా ఆ కాలంలో? మునియమ్మ పెట్టే బొరుగుల కోసం గోడ దూకి పోయేటోడు" అనింది. అని కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఆమెకూ తోడు పోయింది కదా.

తట్ట చట్రం దొరికింది. మనం పురుగులు పెంచడం మానేసి పన్నెండేండ్లు అయినా వెదురు చెడలేదు. చివర నీ పేరు చాకుతో గీకి ఉంది. ఆ గీతలు నువ్వు గీకినవే. దెబ్బలు కూడా తిన్నావు.

ఒక ఇబ్బంది. అంగళ్ళలో అన్నీ తెల్ల కొవ్వొత్తులే. ఆమె పెట్టెలో పాతవి ఊదావి ముక్కలు మూడు, గులాబీది ముక్క ఒకటి దొరికినాయి. వేలెడు కూడా లేవు. గులాబీది మూడో వారం అని మాత్రం నాకు తెలుసు. ఎందుకో తెలియదు.

రెండోది, మూడోది, నాలుగోది ఏమన్నా గుర్తుకు వస్తే రాయి. నిన్ను కష్టపెడుతున్నానేమో.

ఒక మాట. మార్చిలో సమాధుల తోటలో నువ్వు వెనక, గోడ పక్కన నిలబడి ఉంటివి. నేను చూసినాను. పలకరించలేదు. కోపం కాదు. మాట రాలేదు.

మీ మామ


హిందూపురం,
నవంబరు 20

మామా,

మీరు చూడలేదనుకున్నాను. చూసి ఉంటారని అనుకోవడానికి కూడా ధైర్యం లేకపోయింది. అరగంట నిలబడి బస్సెక్కేశాను. దాని గురించి ఇప్పుడు రాయలేను.

నిన్న ధర్మవరంలో ఉన్న మన నజీర్‌కు ఫోను చేశాను. పదేళ్ళ తరవాత! అతనిప్పుడు పట్టునూలుకు రంగులద్దే పనిలో పెద్దవాడయ్యాడు. పేరు చెప్పగానే గుర్తుపట్టాడు.

"ఏమ్మే సుకన్యా, బతికే ఉండావా?" అన్నాడు.

"ఉండా గానీ, మా అత్త రెండో కొవ్వొత్తికి ఏం చెప్పేదో చెప్పు ముందు" అన్నాను.

"అది నన్నడుగుతావా? నా చెయ్యి కొరికింది నువ్వు కాదా? మోచేతి కింద పండ్ల గుర్తు ఇప్పటికీ ఉండాది. నా పెండ్లానికి చూపిస్తాంటా."

అప్పుడు గుర్తొచ్చింది మామా. తొట్టెలో గడ్డిపోచ వేసే వంతు కోసం కొట్లాడుకున్నాం. మీరు చేసిన చెక్క తొట్టె ఉంది కదా, బాలయేసును పడుకోబెట్టేది. పిల్లలు ఒక్కో మంచిపని చేసినప్పుడల్లా దాంట్లో ఒక్కో గడ్డిపోచ వేయాలి, క్రిస్మస్ నాటికి ఆయనకు మెత్తటి పక్క తయారవ్వాలి. అదీ అత్త పెట్టిన పద్ధతి. నజీర్ చేయని మంచిపనికి పోచ వేస్తున్నాడని నేను కొరికాను. అత్త ఇద్దరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి, "మీరిద్దరూ మాట్లాడుకునేదాకా రెండో కొవ్వొత్తి వెలగదు" అంది. ఇరవై మంది పిల్లలు మా వైపే చూస్తున్నారు. చివరికి నజీరే, "నొప్పి లేదులే" అన్నాడు. రెండోది శాంతి దీపం. జపం:

"ప్రభువా, నేను ఎవరితో పలకడం లేదో నీకు తెలుసు. ముందు నేనే పలికేట్టు చెయ్యి."

మూడోది నవ్వుల వారం. అందుకే గులాబీ. నజీర్ చెప్పాడు: ఆ రోజు జపం కంటే ముందు బొరుగులు, బెల్లం. నోటి నిండా పెట్టుకుని ఎవరూ నవ్వకూడదు అనేది. నవ్వకుండా ఎవరుంటారు! అందరం నవ్వి బొరుగులు చిమ్మేవాళ్ళం. అప్పుడు, "ప్రభువా, నువ్వు దగ్గరికి వచ్చేశావు. మాకు నవ్వు ఆగలేదు" అని చెప్పించేది.

కొవ్వొత్తులకు రంగు వేయడం కుదరదట. పట్టుకు పట్టే రంగు మైనానికి పట్టదట. కానీ ఊదా నూలు మూడు చిలపలు, గులాబీ ఒక చిలప అద్ది పంపుతానన్నాడు. తెల్ల కొవ్వొత్తులకు అడుగున చుట్టుకోమన్నాడు. ధర్మవరం నుంచి వచ్చే మనిషి చేతికి ఇచ్చి మీ ఇంటికే చేరుస్తాడట.

నాలుగోది నజీర్‌కు గుర్తులేదు. నాకూ గుర్తులేదు.

సుకన్య


పెనుకొండ,
డిసెంబరు 1

సుకన్యకు,

నిన్న మొదటి వారం అయిపోయింది. పదకొండు మంది పిల్లలు వచ్చినారు. ఆస్మాతో పన్నెండు.

నజీర్ నూలు అందింది. అది చుట్టినాక ఆ నాలుగు రూపాయల కొవ్వొత్తులు పట్టుచీర కట్టుకున్నట్టు అయినాయి. కానుగ మండలు పొద్దున్నే కోసి కట్టినాను.

నువ్వు రాసినట్టే కిటికీలు మూయించినాను. కళ్ళు మూసుకోమన్నాను. "ఏం కనపడతాంది?" అని అడిగినాను. "ఏమీ లేదు తాతా" అన్నారు. అంతవరకు బాగానే జరిగింది. అగ్గిపుల్ల గీసి మొదటిది వెలిగించినాను. పుల్ల ఇంకా మండుతాంది కదా, ఆర్పడమెందుకని రెండోది వెలిగించినాను. మూడోది. నాలుగోది. ఇంట్లో కరెంటు పోయినప్పుడు చేసే పనే.

ఆస్మా ఒక కన్ను తెరిచి చూసింది. వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"తాతా, ఏం చేసినావు! ఒకటే కదా! ఈ పొద్దే క్రిస్మస్ చేసేస్తాండావా?"

పిల్లలందరూ కళ్ళు తెరిచి ఒకటే నవ్వు. నాకు చెమటలు పట్టినాయి. మూడూ ఊదబోయినాను. "ఊదొద్దు, ఊదొద్దు, మునియమ్మవ్వ ఊదనీదు" అని గోల. తడి వేలితో ఒక్కొక్కటే నొక్కినాను. వేలు కాలింది. అప్పుడు గదిలో ఒక్కటే మిగిలింది. పిల్లలు వాళ్ళంతట వాళ్ళే గమ్మునయిపోయినారు.

జపం మొదటి మాట చెప్పినాను. రెండోది రాలేదు. మేకకు చెప్పినప్పుడు వచ్చింది. ముందు వరసలో చిన్నది ఒకతి, "ఒక్క దీపం చాలు, తాతా" అని అందించింది. పోయిన ఏడాది మీ అత్త దగ్గర కూర్చున్న పిల్ల. నేను ఆ పిల్ల వెనకనే చెప్పినాను. ఎవరు ఎవరికి నేర్పినారో తెలియదు.

అందరూ గడ్డిపోచలు తీసుకొని పోయినారు.

నాలుగోది ఏమిటో ఇంకా తెలియలేదు. నేను బయట తిరిగినా మిగిలిన మూడు వారాలూ లోపలి సద్దు కొంచెం వినిపించేది. నాలుగో వారం ఏమీ వినిపించేది కాదు. పిల్లలు ఇండ్లకు పోయినారేమో అనుకునేవాణ్ణి. నా చెవులే పోతున్నాయనుకున్నా.

ఆ వారం ఆమె నాకు ఎక్కువ నియమాలు పెట్టేది. "నాలుగున్నరకు ముందు రావద్దు. గడ్డి మోపు ఆ పొద్దే తేవాల. కిర్రు చెప్పులు ఏసుకోని రావాల." నాకు ఆ చెప్పులంటే సిగ్గు. గుడి ముందర కంకర మీద కిర్రు కిర్రుమంటూ ఊరంతా చూసేట్టు నడవాలి. ఒక ఏడాది శనివారమే చెప్పులకు ఆముదం పట్టించి మెత్తగా చేసుకున్నాను. సద్దు లేకుండా వచ్చి మోపు గడప దగ్గర దించినాను. ఆ పొద్దు ఆమె నాతో పలకలేదు. ఎందుకో ఇప్పటికీ తెలియదు.

ఇంకో మాట. చాపలు పరిచేటప్పుడు ఆమె గోడవారగా ఒక పీట ఖాళీగా ఉంచేది. ఈ ఏడాది నేనూ ఉంచినాను.

మీ మామ


హిందూపురం,
డిసెంబరు 6

మామా,

నేను మీతో అబద్ధం చెప్పాను. నాలుగోది నాకు గుర్తుంది. మిగిలినవన్నీ మరిచిపోయినా అది మరిచిపోలేను.

నాలుగోదానికి మాటలు లేవు మామా. జపమే లేదు.

అత్త నాలుగు కొవ్వొత్తులూ వెలిగించి, తొట్టెను మధ్యలో పెట్టేది. మేం నాలుగు వారాలుగా వేసిన గడ్డిపోచలు అడుగున చారెడు కూడా ఉండేవి కాదు. "చూడండి పిల్లల్లారా, మనం చేసిన మంచి ఇంతే. దీని మీద పసిబిడ్డను పండబెడితే చెక్క గుచ్చుకుంటాది. ఏం చేద్దాం?" అని అడిగేది. ఎవరికీ ఏం చెప్పాలో తెలిసేది కాదు. "అయితే తక్కువైంది వస్తాది. గమ్మునుండి వినండి" అనేది.

మేం వినేవాళ్ళం. ఊపిరి బిగబట్టి. కొవ్వొత్తి చిటపటలు వినిపించేవి. కొండ మీద మేకల గంటలు వినిపించేవి. ఎంతసేపో. ఆ తరవాత దూరంగా, కంకర మీద, కిర్రు... కిర్రు... కిర్రు...

అది మీరు, మామా.

చిన్నపిల్లలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకునేవాళ్ళు. సద్దు దగ్గరయ్యేకొద్దీ అత్త ముఖం చూడాలి మీరు! తలుపు దగ్గర మీరు మోపు దించి, తల వంచుకుని వెళ్ళిపోయేవారు. అత్త ఆ గడ్డి తెచ్చి తొట్టె నిండుగా పరిచి, "దేవుడు ఎట్లా వస్తాడో తెలుసునా? మనకు తెలిసిన మనిషి నడకతోనే వస్తాడు" అనేది. అంతే. పొమ్మనేది.

మీరు ఆముదం పూసిన ఏడాది నాకు తొమ్మిదేళ్ళు. మేం వింటూనే ఉన్నాం, ఏమీ రాలేదు. ఐదు దాటింది. చిన్నవాళ్ళు ఏడుపు మొదలుపెట్టారు. "రాడా అవ్వా? ఈసారి రాడా?" అని. అత్త లేచి తలుపు తీస్తే మోపు అక్కడే ఉంది, మీరు లేరు. "దొంగలాగ వచ్చి పోయినాడు, ఈ మనిషికి బుద్ధి లేదు" అంది. నేను చూశాను. నవ్వుతూనే అంది. తరవాత కళ్ళు తుడుచుకుంది.

మీకు చెప్పకూడదని మా అందరి దగ్గరా మాట తీసుకుంది. "తెలిస్తే ఆయన సిగ్గుపడి రాడు. రాకుంటే నాకు పండగ లేదు" అంది.

నేను ఇది ఎందుకు దాచానో కూడా చెప్పాలి. పెళ్ళికి ముందు అత్తకు మాటిచ్చాను. ఆ ఏడాది నాలుగో ఆదివారానికి రోహిత్‌ను తీసుకొని వస్తానన్నాను. "రా తల్లీ, నీ చోటు నీకే ఉంటాది" అంది. వెళ్ళలేదు. కొత్త కాపురం, వాళ్ళు మన గుడికి వెళ్ళేవాళ్ళు కారు, ఏమనుకుంటారో అని నేనే అనుకున్నాను. ఎవరూ వద్దనలేదు మామా, నేను అడగనే లేదు. మరుసటి ఏడాది స్నేహ కడుపులో ఉంది. ఆ తరవాత సిగ్గు. ఎనిమిదేళ్ళు. మార్చిలో మట్టి వేసే వేళకు వచ్చాను.

గోడవారగా ఉంచిన పీట నాదని మీకు తెలుసు. తెలిసే ఊరికే రాశారు.

సుకన్య


పెనుకొండ,
డిసెంబరు 10

సుకన్యకు,

ఉత్తరం అందింది.

చదివినాను. అటక ఎక్కి చెప్పులు దించినాను. బూజు దులిపినాను.

ఇంకేమీ రాయలేకపోతున్నాను.

రెండో వారం బాగా జరిగింది. పోట్లాడుకున్నవాళ్ళు మూడు జతలు తేలినారు. అందరూ పలికినారు.

మామ


పెనుకొండ,
డిసెంబరు 15

సుకన్యకు,

నిన్న గులాబీ వారం. బుడన్‌బీ శేరు బొరుగులు తెచ్చింది. నోట్లో పోసుకొని ఎవరూ నవ్వకూడదని చెప్పినాను. మొదట నవ్వింది నేనే. నా పైపండ్లు లేవు కదా, అన్నీ ముందరికి వచ్చినాయి. పిల్లలు చాపల మీద పడి దొర్లినారు. బుడన్‌బీ వాకిలి దగ్గర నుంచి, "యా అల్లా, ఈ మనిషికి ఇన్నాళ్ళకు పండ్లూడి నవ్వొచ్చింది!" అనింది. జపం చెప్పించినాను. ఈసారి ఎవరూ అందించలేదు, నేను తడబడలేదు.

ఇక ఒక్క వారం.

నేను ఐదు రోజులుగా ఆలోచిస్తున్నాను. ఆమె లోపల ఉంటే నేను బయట నుంచి వచ్చేవాణ్ణి. ఇప్పుడు నేను లోపల ఉండాలి. పిల్లలను వదిలి బయటికి పోతే వాళ్ళు గమ్మునుండరు. అయితే బయట నుంచి ఎవరు వస్తారు?

నాగన్నను అడిగినాను. "గడ్డి ఇస్తా, మోపు కట్టి వామి దగ్గర పెడతా. మోసేది నాతో కాదు, మోకాలు లేవదు" అన్నాడు. మోసినా అతనివి రబ్బరు చెప్పులు.

సద్దు లేకుండా మోపు ముందే తెచ్చి పెట్టేయవచ్చు. పిల్లలకు తొట్టె నిండుతుంది. కానీ ఎవరూ రారు. ఆస్మా ఇప్పటికే అడుగుతాంది, "తాతా, నువ్వు లోపలుంటే ఆ కిర్రు కిర్రు ఎట్లొస్తాది?" అని. పిల్లలకందరికీ తెలుసు, ఇన్నాళ్ళూ నాకు ఒక్కడికే తెలియలేదు.

చెప్పులు గుడి గది బయట, గడపకు ఎడమ పక్కన పెట్టి ఉంటాయి. మోపు నాగన్న వామి దగ్గర ఉంటుంది. వేళ నాలుగున్నర. ఊరికే రాస్తున్నాను.

మామ


హిందూపురం,
డిసెంబరు 17

మామా,

నేను వస్తానని రాయను. ఒకసారి రాసి, చెప్పి, మాట తప్పిన మనిషిని. నన్ను నమ్ముకుని పిల్లలను కూర్చోబెట్టవద్దు. ఇంకెవరినైనా చూసుకోండి.

ఈ ఉత్తరం రాస్తుంటే మా అత్తగారు అమృతవల్లి గారు వెనక నిలబడి చూశారు. "ఏమ్మా, నెల రోజులుగా ఎవరికి ఈ ఉత్తరాలు? రాసి ఏడుస్తావు, వచ్చినా ఏడుస్తావు" అన్నారు. మొత్తం చెప్పాను. ఎనిమిదేళ్ళూ చెప్పాను. విని ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు.

సుకన్య


పెనుకొండ,
డిసెంబరు 23

చిరంజీవి సుకన్యకు,

మొన్న బస్సు దగ్గర నువ్వు అడిగినావు, "లోపలికి ఎట్లా వినిపించింది మామా?" అని. చుట్టూ మనుషులు ఉన్నారు. మీ అత్తగారు ఉన్నారు. నాకు నోరు రాలేదు. తల ఊపినాను. నువ్వు బయట ఉన్నావు కాబట్టి లోపల జరిగింది నీకు తెలియదు. అందుకని రాస్తున్నాను.

నీ ఉత్తరం శనివారం అందింది. చదివినాక, మోపు ముందే తెచ్చి పెట్టేద్దామని వామి దాకా పోయినాను. చెయ్యి రాలేదు. తిరిగి వచ్చినాను. చెప్పులు మాత్రం గడప పక్కన పెట్టినాను.

ఆదివారం నాలుగు కొవ్వొత్తులూ వెలిగించినాను. ఈసారి నాలుగూ వెలిగించాల్సిన రోజే. తొట్టె మధ్యలో పెట్టినాను. పోచలు చారెడు ఉన్నాయి. "మనం చేసింది ఇంతే" అన్నాను. "తక్కువైంది వస్తాది, గమ్మునుండి వినండి" అన్నాను. అంతకు మించి నాకు మాటలు అవసరం కాలేదు. ఆమె నాలుగో వారం నాలాంటి వాడి కోసమే పెట్టినట్టుంది.

విన్నాము. కొవ్వొత్తి చిటపటలు. మేకల గంటలు. నువ్వు రాసినవన్నీ ఉన్నాయి. నాలుగున్నర అయ్యింది. దాటింది. ఒక చిన్నది ఆస్మా చెవిలో, "రాడా?" అనింది. ఆస్మా నా వైపు చూసింది. నేను తల వంచుకున్నాను. అయిపోయింది నా పని, ఈసారి తలెత్తేది ఎట్లా అనుకున్నాను.

అప్పుడు వచ్చింది.

నా నడక కాదు. నాదైతే కిర్రు, కిర్రు, కిర్రు. ఇది కిర్రు... టపక్. కిర్రు... టపక్. పెద్ద చెప్పుల్లో చిన్న కాళ్ళు జారుతున్నాయి. అడుగు వేసి, ఆగి, మళ్ళీ వేస్తున్నారు. దాని వెనకనే ఇంకొక సద్దు, చిన్న పరుగులు, చిట్టి చిట్టి అడుగులు. అది మీ స్నేహ అని తరవాత తెలిసింది. మోపు నుంచి రాలిన పోచలు ఏరుకుంటూ వచ్చిందంట కదా.

పిల్లలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. నా చెయ్యి ఎవరో పట్టుకున్నారు, చూడలేదు. నాకు కండ్లు మసక అయినాయి. వచ్చేది నువ్వేనని తెలుసు. అయినా నువ్వు ఒక్కదానివే కాదనిపించింది. ఆ గదిలో ఆమె కూర్చున్న చోట కూర్చొని, ఆమె విన్నట్టు వింటున్నాను. ఇట్లా ఉంటుందా, అనుకున్నాను.

మోపు దించిన సద్దు అయ్యింది. నువ్వు నాలాగా పోకుండా తలుపు తీసినావు. అది మంచి పని చేసినావు. ఆ తరవాతది నీకు తెలుసు. నువ్వు గోడవారగా పీట మీద కూర్చున్నావు. స్నేహ పోచలు తొట్టెలో వేసి, "ఇంగా కావాల్నా తాతా?" అనింది. మీ అత్తగారు చెప్పులు విడిచి గడప దగ్గరే నిలబడితే, బుడన్‌బీ, "ఏమక్కా, ఆడనే నిలబడితివి, లోపలికి రా, బొరుగులు ఉండాయి" అని చెయ్యి పట్టుకొని లాక్కొచ్చింది. బస్సు ఎక్కేటప్పుడు ఆమె నాతో, "ఎనిమిదేండ్లు మా కోడలు నన్ను అడగలేదు చూడండి అన్నా, అడిగింటే మొదటి ఏడాదే వచ్చేదాన్ని కాదా" అనింది. దానికీ నేను తల ఊపినాను. నువ్వు చెప్పు ఆమెకు, నాకు సంతోషమైందని.

ఫాదర్, వచ్చే ఏడాది కూడా నువ్వే కదా యోహానూ అన్నారు. ఊ అన్నాను. బయటి పనికి మనిషి ఉంది సామీ, హిందూపురంలో అన్నాను. చెప్పులు అటక ఎక్కించలేదు. ఆముదం పూయలేదు. నీ కాలికి సరిపడేట్టు వెనక తోలు పట్టీ కట్టిస్తాను.

ఒక్కటే మనసులో తిరుగుతాంది తల్లీ. ముప్ఫై ఏండ్లు ఆ కంకర మీద నేను సిగ్గుతో తల వంచుకొని, ఎవరూ చూడకముందే మోపు దించి పోవాలని గబగబా నడిచినాను. లోపల ఆమె నా అడుగులు వింటోందని తెలిసింటే, ఇంకొంచెం నిదానంగా నడిచేవాణ్ణి.

మీ మామ,
యోహాను